చోటు కోసం చెరిపేసిన చిత్రాలు

వీడియో ఎడిటింగ్ చేసే కంప్యూటరులో డిస్కు ఇట్టే నిండిపోతుంది. ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూడండి. పాల్ పద్ధతి టీవీ చిత్రాన్ని అంకెల్లోకి మారిస్తే ఒక్కో చిత్రంలో 720 × 576 బిందువులు ఉంటాయి. బిందువుకు 2 బైట్లు, సెకనుకు 25 చిత్రాలు. హెచ్చవేస్తే సెకనుకు సుమారు 2 కోట్ల 7 లక్షల బైట్లు! నిమిషం గడవకముందే ఒక గిగాబైటు నిండుతుంది. ఇప్పటి 4కె చిత్రంలోనైతే బిందువులు దీనికి 20 రెట్లు.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ తన వీడియో టేపు రికార్డరును ప్రదర్శించింది. అదే సంవత్సరం ఐబిఎం సంస్థ రామాక్ కంప్యూటరుతో తొలి హార్డ్ డిస్కును తెచ్చింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. మనం లెక్కవేసిన వీడియో సెకనులో అయిదో వంతు కూడా అందులో పట్టదు. అందుకే దశాబ్దాలపాటు వీడియోకు టేపే దిక్కయింది.

టేపు చాలా ఖరీదు. అయితే చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. ఈ సదుపాయమే ముప్పు తెచ్చింది. బ్రిటన్‌లో బిబిసి 1960, 70 దశకాల్లో ఎన్నో కార్యక్రమాల టేపులను చెరిపి మళ్లీ వాడింది. ప్రసిద్ధ ధారావాహిక 'డాక్టర్ హూ' 1960ల నాటి భాగాల్లో 90కి పైగా ఇలా కనుమరుగయ్యాయి. 1969 జులైలో అపోలో 11 యాత్రలో చంద్రుడి నుంచి వచ్చిన అసలు చిత్ర సంకేతాల టేపుల సంగతి ఏమైంది? వాటిని కూడా చెరిపి వాడేసి ఉంటారని 2009లో నాసా తేల్చింది. మనకు మిగిలింది టీవీ ప్రసారం కోసం మార్చిన, స్పష్టత తగ్గిన ప్రతి మాత్రమే.

మరి చెరపకుండా చోటు సంపాదించే మార్గం లేదా? రెండు మార్గాలు దొరికాయి.

మొదటిది, నకలుతో పనిచేయడం. 1971లో వచ్చిన సిఎంఎక్స్-600 యంత్రంలో ఎడిటరు డిస్కులలోని నాసిరకం నలుపు-తెలుపు నకలు చూసి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో నిర్ణయించేవాడు. ఆ జాబితా ప్రకారం అసలు టేపులను తర్వాత కూర్చేవారు. నేటి ఎడిటర్లు వాడే 'ప్రాక్సీ' ఫైళ్లకు పూర్వరూపం ఇదే.

రెండవది, చిత్రాన్ని కుదించడం. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ దీనికి 1972లో ఒక గణిత పద్ధతిని ప్రతిపాదించి, అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. ఇవ్వలేదు! అయినా ఆయన, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. ఇది చిత్రంలో నెమ్మదిగా మారే వెలుగునీడలను, అతి సూక్ష్మమైన మార్పులను విడదీస్తుంది. మన కన్ను అంతగా గుర్తించని సూక్ష్మ వివరాలను స్థూలంగా రాసుకుంటే బోలెడు చోటు మిగులుతుంది. జెపెగ్, ఎంపెగ్ పద్ధతులు దీని మీదే నిలబడ్డాయి. కానీ గుర్తుంచుకోండి, ఇలా వదిలేసిన వివరాలు కూడా తిరిగి రావు.

ఇప్పుడు మీ డిస్కు నిండిందనుకోండి. ఏది తీసేయాలి? ప్రతి ఫైలు విషయంలోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: 'దీన్ని మళ్లీ తయారు చేయగలనా?' ప్రివ్యూ కోసం కంప్యూటరు చేసుకున్న ఫైళ్లు, కాషె, ప్రాక్సీలు పోయినా నష్టం లేదు. కొంత సమయం వెచ్చిస్తే అవి మళ్లీ తయారవుతాయి. కెమెరా నుంచి వచ్చిన అసలు చిత్రాలు, ఎడిటింగ్ నిర్ణయాలన్నీ ఉండే ప్రాజెక్టు ఫైలు అలాంటివి కావు. వాటికి మరో డిస్కులో ఇంకొక ప్రతి ఉంచి, అది సరిగా తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే ఇక్కడి నుంచి తీయండి. కొత్త డిస్కు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ రోజు చంద్రుడి నుంచి వచ్చిన సంకేతాన్ని మాత్రం ఎవరూ మళ్లీ రప్పించలేరు.