టవరు ముందు, పోటీ తరువాత

సోషల్ మీడియా కంపెనీల పోటీని హైదరాబాద్ నుంచి చూస్తే యాప్‌ల చరిత్రలా కనిపిస్తుంది. భద్రాచలానికి ఎగువన, ఛత్తీస్‌గఢ్ అడవులకు దగ్గర్లో గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెం నుంచి చూస్తే అది టవర్ల చరిత్ర.

మొదటి పోరు అడవి అంచుకు చేరకుండానే ముగిసింది. ఆర్కుట్, ఫేస్‌బుక్ రెండూ 2004లోనే పుట్టాయి. మనదేశంలో తొలుత గూగుల్ వారి ఆర్కుట్‌దే పైచేయి. 2010లో ఫేస్‌బుక్ హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది, ఆ ఏడే ఆర్కుట్‌ను దాటేసింది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. అదంతా నెట్ సెంటర్లున్న పట్నాల ముచ్చట. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో బీఎస్ఎన్ఎల్ చేత టవర్లు పెట్టించే పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది ఆ 2014లోనే. అవీ 2జీవి. మాట వినిపించేది గానీ వీడియో కదిలేది కాదు.

2016 లెక్క మార్చింది. తాను ఎంచిన సైట్లను ఉచితంగా చూపిస్తానన్న ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్'కు ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అడ్డుకట్ట వేసింది. సెప్టెంబరులో జియో రావడంతో డేటా ధర నేలకు దిగింది. ఇక పోటీ చదువు రానివారి కోసం కూడా మొదలైంది. బెంగళూరు షేర్‌చాట్ ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి మన భాషలనే నమ్ముకుంది. టిక్‌టాక్‌కైతే టైపింగే అక్కర్లేదు; పాట, అభినయం ఉంటే చాలు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌పై నిషేధం పడగానే ఆ ఖాళీ కోసం అందరూ ఎగబడ్డారు. రోజుల్లోనే షేర్‌చాట్ వారి మోజ్, జూలై 8న ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి.

ఈ ఆరాటమంతా ప్రకటనల కోసమే. భద్రాచలంలోని ఒక బట్టల దుకాణదారు పండక్కి ప్రకటన ఇవ్వాలనుకుంటే ఫోన్‌లోని మ్యాపు మీద తన ఊరి చుట్టూ గీత గీస్తాడు. వయసు, రోజు ఖర్చు చెబుతాడు. ఆ గీత లోపల ఎవరైనా రీల్స్ తిప్పుతుండగా ప్రకటనకు చోటు వచ్చిన ప్రతిసారీ, రెప్పపాటులో ప్రకటనల మధ్య వేలం జరుగుతుంది. వేలంలో సరుకు చూసేవాడి చూపే. అందుకే కంపెనీలకు జనం ఎంతసేపు చూశారన్నది ముఖ్యం.

ఈ పోటీ ఎక్కడ ఆగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. షేర్‌చాట్ పదిహేను భాషల్లో భోజ్‌పురీ, హర్యాన్వీ ఉన్నాయి. దుమ్ముగూడెం పల్లెల్లో మాట్లాడే కోయ లేదు. ప్రకటనకర్త లేని భాష మీద ఏ కంపెనీ ఖర్చు పెడుతుంది? టవర్లదీ అదే కథ. లాభం లేదని వ్యాపారం రాని చోటుకు ప్రభుత్వ సొమ్ముతో టవరు వచ్చింది. ఆ 2,343 టవర్లను 4జీకి మార్చేందుకు 2022లో కేంద్రం మళ్లీ ఆమోదమిచ్చింది. కోయ భాష తెరమీదికి రావాలన్నా దారి అదే. కంపెనీల పోటీ తీసుకొస్తుందని ఎదురుచూస్తే, అది రాదు.