రాకాసి గుళ్లు కట్టిందెవరు?

పాలకుర్తి చరిత్ర అడిగితే ఎవరైనా సోమనాథుడితో మొదలుపెడతారు. బమ్మెర మా మండలంలోనే ఉంది గనక పోతన దాకా వస్తారు. ఆ ఇద్దరు కవులూ మాకు గర్వకారణమే. అయితే పుస్తకం పుట్టిన నాడే ఊరు పుట్టిందనుకోవడం పొరపాటు. సోమనాథుడికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈ తెలంగాణ మెట్టనేలల్లో జనం తమ చనిపోయినవాళ్లకు బండలతో ఇళ్లు కట్టారు. వాటినే రాకాసి గుళ్లంటారు. ఇంత బండ మామూలు మనిషి ఎట్లా ఎత్తుతాడన్న ఆశ్చర్యం నుంచి వచ్చిన పేరది. నాకు మాత్రం ఆ బరువే అవి ఊరుమ్మడి పని అని చెబుతుంది. గుంత తవ్వి, నాలుగు బండలు పెట్టెలా నిలిపి, మూతబండ కప్పి, చుట్టూ గుండ్లు పేర్చడం ఒక్క కుటుంబంతో అయ్యేది కాదు. బండ చీల్చేవాళ్లు, లాగేవాళ్లు, అన్నాళ్లూ వాళ్లకు తిండిపెట్టేవాళ్లు ఉండాలి. లోపల దొరికే కుండ చూడండి: అడుగు ఎరుపు, అంచు నలుపు. బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని మూతి నల్లబడి, తగిలిన ఒళ్లు ఎర్రబడింది. ఆవం తెలిసిన కుమ్మరి పని అది. మనకు దగ్గరి రాయగిరి లాంటి చోట్ల సమాధి కుండల మీద గీసిన గుర్తుల గురించి పురావస్తు పరిశోధకుడు గులాం యాజ్దానీ 1917లోనే రాశారు.

ఆ గుళ్లు కట్టినవాళ్లు మన పూర్వీకులేనని రుజువేమిటని అడగవచ్చు. రక్తసంబంధం నేను చెప్పడం లేదు. ఊరి చరిత్ర వంశవృక్షం కాదు, ఈ నేల మీద కలిసి బతికినవాళ్ల లెక్క. ఇంగ్లండులో వెస్ట్ కెన్నెట్ దగ్గర అయిదున్నర వేల ఏళ్ల కిందటి పొడవాటి సమాధి దిబ్బ ఉంది. అందులో పడుకున్నవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, అయినా 1882 నాటి తొలి రక్షణ చట్టంలోనే దాన్ని చేర్చారు. మన దగ్గర జానంపేట సమాధులకు కేంద్ర రక్షణ ఉంది. ఇక తన చేలో ఇలాంటి సమాధి ఉన్న రైతు భయం న్యాయమైనదే, రెండెకరాలవాడికి చట్టమంటే చేను పోవడమేనని అనిపిస్తుంది. కానీ కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల నిషేధం కొత్త నిర్మాణాలకు, పంటకు కాదు. పట్టా భూముల్లోని ప్రతి గుండ్ల వరుసకూ అంత రక్షణ అడగడం లేదు, సర్వే నంబరుతో ఊరి రికార్డులో రాసిపెడితే చాలు. గుప్తనిధి కోసం రాత్రిపూట మూతబండ లేపినవాడికి దొరికేవి పెంకులు, తుప్పుపట్టిన ఇనుప ముక్కలే. ఏ కుండ ఏ ఎముక పక్కన పెట్టారో చెప్పే ఆనవాలు మాత్రం ఆ ఒక్క రాత్రితో పోతుంది.