మజాజ్ వేరు, బాతిన్ వేరు

పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసు నాడు గోరంట్ల అంతా అక్కడే ఉంది అంటాం. వెళ్లింది మనుషులే, మిద్దెలూ వీధులూ కాదు. ఈ మాటలో రహస్యం లేదు, విన్నవారందరికీ తెలిసిపోతుంది. ఖురాన్‌లో అలంకారం అనగానే గూఢార్థం అనుకునేవారు ముందుగా గమనించవలసిన తేడా ఇదే.

మజాజ్. మాట తన సొంత అర్థాన్ని దాటి మరో అర్థంలో నిలవడం. ఆ సొంత అర్థం పేరు హకీకత్, అనగా మన ఆలంకారికుల వాచ్యార్థం. మజాజ్‌కు దగ్గరిది లక్షణ. యూసుఫ్ అధ్యాయం 82వ ఆయతులో కొడుకులు తండ్రితో, తామున్న ఊరినే అడిగి చూడమంటారు. ఊరు అంటే ఊరి జనం. హకీకత్, మజాజ్ అనే విభజనే సరికాదని, మాటకు అర్థం ప్రయోగంలోనే తేలుతుందని ఇబ్న్ తైమియ్యా (మరణం 1328) వాదించారు. ఆయన కాదన్నది ఆ విభజనను, ఆయతు భావాన్ని కాదు.

ఖరీనా. అర్థం దాటిందని చూపే ఆనవాలు. ఇది లేనిదే హకీకత్‌ను వదలరాదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పదం ఇదే. బఖరా అధ్యాయం 187వ ఆయతు ఉపవాసులు ఎప్పటిదాకా తినవచ్చో చెబుతూ తెల్లదారం, నల్లదారం ప్రస్తావన తెస్తుంది. అదీ బిన్ హాతిమ్ అనే సహచరులు నిజంగానే రెండు తాళ్లు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది, దిండు కింద పెట్టుకుని రాత్రంతా చూశారు. తేడా తెలియలేదు. పొద్దున దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్తే, అవి పగటి తెలుపు, రాత్రి నలుపు అని వివరించారు. మరికొందరు కాళ్లకు దారాలు కట్టుకునేవారని, అప్పుడు ‘ఉషోదయపు’ అనే అర్థమిచ్చే మాట అవతరించిందని సహల్ బిన్ సఅద్ కథనం. రెండూ బుఖారీ హదీసు సంకలనంలో ఉన్నాయి. ఆ ఒక్క మాటే ఖరీనా. అది వచ్చాక దారం వేకువ అంచున కనిపించే వెలుగు గీత అయింది, నేటికీ సహరీ (ఉపవాసానికి ముందు తినే వేళ) ముగిసేది దాని లెక్కనే.

ముతషాబిహ్. పలు అర్థాలకు తావిచ్చేది, లేదా నిజస్వరూపం మనకు అందనిది. స్పష్టంగా తేలినది ముహ్కమ్. ఆలి ఇమ్రాన్ 7వ ఆయతు ఈ రెంటినీ పేర్కొని, ముతషాబిహ్ తావీల్ (వివరణ) అల్లాహ్‌కు తప్ప తెలియదంటుంది. అక్కడ ఆగాలా, జ్ఞానంలో పాతుకున్నవారిని కూడా కలిపి చదవాలా? అధికసంఖ్యాకులు ఆగమన్నారు. ముజాహిద్ వంటి వ్యాఖ్యాతలు కలిపారు. మన దేశపు ముద్రణల్లో అక్కడ చిన్న మీమ్ అక్షరం ఉంటుంది, అంటే తప్పక ఆగాలని. తెలుగు మాత్రమే చదివేవారికి ఆ గుర్తు దొరకదు. అనంతపురంలో అధ్యాపకులుగా ఉండి ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు మొదలు ప్రతి అనువాదకుడూ ఆ వాక్యాన్ని ఎక్కడో ఒకచోట ముగించక తప్పదు.

తావీల్. ఖురాన్ వ్యాఖ్యాత తబరీ కాలానికి ఇది తఫ్సీర్‌కు పర్యాయపదం, అనగా వివరణ. తర్వాతివారి వాడుకలో, ఆధారం చూపి పైకి తోచే అర్థం నుంచి మరో అర్థానికి మళ్లించడం.

జాహిర్, బాతిన్. పై అర్థం, లోపలి అర్థం. తాహా అధ్యాయంలో మూసాకు చెప్పులు విడవమని ఆజ్ఞ. గజాలీ (మరణం 1111) ‘మిష్కాతుల్ అన్వార్’లో దీన్ని ఇహపరాలు రెంటినీ విడవడంగా చెప్పారు. అయితే మూసా చెప్పులు నిజంగానే విడిచారు, అది కాదనే హక్కు ఎవరికీ లేదన్నది కూడా ఆయన మాటే. జాహిర్‌ను తోసేసినవాడు బాతినీ, దానితోనే ఆగినవాడు హష్వీ, రెంటినీ కలిపి పట్టుకున్నవాడే పూర్ణుడని ఆయన తీర్పు.