చెట్టు దిగని మనస్సు

రోగిని వెంటబెట్టుకొని ఎప్పుడో ఒకప్పుడు హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లివచ్చినవారు మీలో అనేకులుందురు. ఆ ఊరికి మరల వెళ్లినప్పుడు నయాపూల్ మీద ఒక నిమిషము నిలిచి చూడుడి. ఉత్తరపు ఒడ్డున ఆసుపత్రి గుమ్మటములు, దక్షిణపు ఒడ్డున హైకోర్టు భవనము, నడుమ మురికినీటితో మూసీ. ఈ నదియా వేలమందిని మింగినది అని మీకు నమ్మిక పుట్టదు. ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు కలదు. మందుల చీటీ చేతబట్టుకొని పరుగెత్తువారు దానిని తలయెత్తి చూడరు. నేను చెప్పదలచినది ఆ చెట్టు సంగతి, అంతకంటె ఎక్కువగా ఆ చెట్టు దిగినవారి సంగతి.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28, సోమవారము. ఒకటిన్నర దినములలో సుమారు 17 అంగుళముల వర్షము కురిసెను. మూసీ పరివాహకములో 788 చెరువులుండగా 221 తెగెను. పై చెరువు తెగి క్రింది చెరువును తెంచుట ఎట్లుండునో చెరువు క్రింద సేద్యము చేయు మీకు విప్పి చెప్పనక్కరలేదు. నయాపూల్ అనబడు అఫ్జల్ వంతెన పాడాయెను, ఒడ్డున ఉన్న పాత ఆసుపత్రి కూలెను. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రము నిలిచెను. పేట్లబురుజు దగ్గర కోటగోడ ఎక్కినవారు ఇదియే క్షేమమనుకొనిరి. గోడ కూలి వారు కొట్టుకొనిపోయిరి. ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కినవారు సుమారు 150 మంది బ్రదికిరి. మొత్తము చనిపోయినవారు 15,000 మంది అని చెప్పుదురు.

గోడ ఎక్కినవానికి తెలివి తక్కువయా, కొమ్మ ఎక్కినవానికి పుణ్యము ఎక్కువయా? కాదు గదా. అయినను ఇట్టి ఆపదలో మిగిలినవాడు ఆ ప్రశ్ననే ఏండ్ల తరబడి తన్ను తాను అడుగుకొనును. కొమ్మ పట్టుకొనుటకే రెండు చేతులును చాలవు. క్రింద కొట్టుకొనిపోవుచున్నవానికి ఏ చేయి అందించును? నీరు తీసిన తరువాత దేహము చెట్టు దిగును. మనస్సు అంత త్వరగా దిగదు.

ఆ వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. తానును నీటిపాలై ఎట్లో ప్రాణముతో బయటపడెను. ఆ దినమునుగూర్చి ఆయన వ్రాసిన పద్యమునకు పేరు ‘ఖయామతె సుగ్రా’, అనగా చిన్న ప్రళయము. తరువాత ఆయన రుబాయీల కవిగా గొప్ప పేరు పొంది 1961 వరకు జీవించెను. అనగా ఆ దినము తరువాత ఇంచుమించు 53 సంవత్సరములు.

ప్రభుత్వము చేయవలసినది చేసెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ అన్నశాలలు తెరిపించెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి; ఆయన ఆలోచననుబట్టి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిండెను. నీటికి కట్ట పడెను. మనస్సునకు తగిలిన దెబ్బకు ఏమి చేయవలెనో ఆ కాలమున ఏ దేశపు వైద్యులకును సరిగా తెలియదు. 1915లో మైయర్స్ అను ఇంగ్లీషు వైద్యుడు, యుద్ధములో జ్ఞాపకము, చూపు, వాసన, రుచి దెబ్బతిన్న సిపాయిలనుగూర్చి వ్రాయుచు ‘షెల్ షాక్’ అను మాటను వాడెను. అయినను ఆ యుద్ధములోనే బ్రిటిషువారు పారిపోయిరనియు పిరికివారనియు తమ సిపాయిలను కాల్చి చంపిరి. అట్టి 306 మందికి క్షమాపణ దొరకినది 2006లో! వారిలో ఎందరో మనస్సు చెదరిన రోగులని లోకము తెలిసికొనుటకు తొంబది ఏండ్లు పట్టెను. అమెరికా మనోవైద్యులు ఈ బాధను ఒక వ్యాధిగా గుర్తించి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టినది 1980లో.

మన పల్లెలలో దీనికి దగ్గర మాట ముందునుండియే కలదు. దడుపు అందుము. బిడ్డ దడుచుకొనెనని తాయెత్తు కట్టుదురు, మంత్రము వేయింతురు. పేరు చక్కనిదే, మందు మాత్రము సరియైనది కాదు.

మూసీ వరదను ఎరుగని కోస్తావారికి 1977 నవంబరు 19 ఎరుకే. దివిసీమ ఉప్పెనలో పోయినవారు దాదాపు పదివేలమంది. అక్కడ ఒక ముసలమ్మను నేనెరుగుదును. ఆ రాత్రి ఆమె ఇద్దరు బిడ్డలు పోయిరి. అటుపిమ్మట ఎన్ని ఏండ్లు గడచినను, గాలి హోరుమన్న రాత్రి ఆమె బట్టలు మూటగట్టుకొని గుమ్మములో తెల్లవార్లు కూర్చుండెడిది. సముద్రమువైపు బాటన నడువదు. ఎవరైనను వెనుకనుండి పిలిచిన ఉలికిపడును. పండుగనాడు అందరు పాడుచుండగా ఆమె ముఖము రాయివలె నుండెడిది. సంఘములో కొందరు ఆమెకు విశ్వాసము చాలదనిరి. నేనును ఒకసారి అట్లే తలంచితిని, సిగ్గుపడుచు వ్రాయుచున్నాను.

ఆమె విశ్వాసములో ఏ లోపమును లేదు. జరిగిపోయినది జరిగిపోయినట్టుగా మనస్సులో సర్దుకొనక, ఇప్పుడే జరుగుచున్నట్టు తిరిగి తిరిగి వచ్చుటయే ఈ వ్యాధి. కలలు, నిద్రలేమి, ఉలికిపాటు, కోపము, బ్రదికినందుకు అపరాధ భావము దీని గురుతులు. పురుషులలో కొందరు త్రాగుడులో పడుదురు. పసిపిల్లలు పక్క తడుపుదురు, తల్లి కొంగు వదలరు. ఆపద తరువాత కొన్ని వారములు ఇట్లుండుట సహజమే. తనవారు దగ్గరనుండగా అనేకులు వాటంతట తేరుకొందురు. నెల దాటియు తగ్గక, పనిపాటలు చేసికొననియ్యని యెడల వైద్యము కావలెను.

ఒక సంగతి మరువకుడి. ఆపద జరిగిన వెంటనే అందరిని కూర్చుండబెట్టి, జరిగినదంతయు చెప్పించిన బాధ తీరునని ఒకప్పుడు కౌన్సిలర్లు తలంచిరి. అది మేలు చేయదనియు, కొందరికి కీడు చేయుననియు పరిశోధనలలో తేలినది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పుస్తకములోని సలహా మిక్కిలి సాదాయైనది: క్షేమమైన చోటు, అన్నము, దుప్పటి, తప్పిపోయిన వారి జాడ, చెప్పదలచినప్పుడు వినుట, బలవంతపెట్టకుండుట. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక అతని ప్రక్కన నేలమీద కూర్చుండినంతవరకు మంచి స్నేహితులే. చిక్కు వారు మాటలు మొదలుపెట్టిన తరువాతనే వచ్చెను.

వ్యాధి నిలిచిపోయినవారికి నేడు మంచి చికిత్స కలదు. శిక్షణ పొందినవారియొద్ద, క్షేమమైన గదిలో, ఆ జ్ఞాపకమును కొంచెము కొంచెముగా చెప్పించుచు, తప్పించుకొని తిరుగు చోట్లకు మెల్లగా అలవాటు చేయుదురు. కండ్లను అటునిటు కదల్చుచు చేయు ‘ఇ.ఎమ్.డి.ఆర్.’ అను పద్ధతియు కలదు. కొందరికి మాత్రలును ఇత్తురు. నిద్రమాత్రలు మాత్రము మీయంతట మీరు కొని మ్రింగకుడి. అవి ఈ గాయమును మాన్పవు, అలవాటై కూర్చుండును. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కలదు. 1953లో జాల్నానుండి అక్కడికి వచ్చినది. అంతదూరము పోలేనివారు 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సహాయము ఉచితము, రాత్రింబగళ్లు దొరకును, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఆ ముసలమ్మ సంగతి చెప్పి ముగించెదను. క్రొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య ఒక గాలివాన రాత్రి లాంతరుతో ఆమె గుమ్మమునకు వెళ్లెను. “ఈ రాత్రికి నేనూ ఇక్కడే ఉంటాను పెద్దమ్మా” అని ప్రక్కన కూర్చుండెను. ఇద్దరును చింతపండు గింజలు తీయుచు తెల్లవార్చిరి. బిడ్డలనుగూర్చి ఆమె అడుగలేదు. మూడవ ఏటి వానకాలములో ముసలమ్మ తానే పెద్దబిడ్డ పేరు పలికెను. మరుసటి నెల అమ్మగారు తోడురాగా జిల్లా ఆసుపత్రిలోని మనోవైద్యునియొద్దకు వెళ్లెను. గాలి వీచిన రాత్రి ఆమె యింకను లేచి కూర్చుండును గాని, బట్టలు మూటగట్టదు.