కొడవలి వెంట పూసిన పూలు

జపాన్ తొలి పద్య సంకలనం 'మన్‌యోషూ' 8వ శతాబ్దంలో కూర్చినది. అందులో దాదాపు 4,500 పద్యాలున్నాయి. ఏ మొక్క ఎన్నిసార్లు వస్తుందో ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్లకు ఒక విశేషం తేలింది. జపాన్ పేరెత్తగానే మనకు తట్టే చెర్రీ పువ్వు 40 పైచిలుకు పద్యాల్లోనే ఉంది. హగి మాత్రం 140 పద్యాల దాకా ఉంది. హగి చిక్కుడు కుటుంబానికి చెందిన పొద. పువ్వు గోరంత, ఊదా కలిసిన గులాబీ రంగు. విడిగా చూస్తే కన్ను ఆగదు. సెప్టెంబరులో పొదంతా పూసి కొమ్మలు నేలకు వంగినప్పుడు చూడాలి దాన్ని.

ఆ సంకలనంలోనే యమనోవె నో ఒకురా అనే కవి, శరత్కాలపు పొలాల్లో పూసే ఏడు పూలను రెండు చిన్న పద్యాల్లో పేరుపేరునా చెప్పాడు. హగి, సుసుకి, కుజు తీగ, నదెషికో, ఒమినయెషి, ఫుజిబకామా, అసగావొ. ఈ చివరి పేరును ఇప్పుడు వేరే పువ్వుకు వాడుతున్నారు. ఒకురా చెప్పింది నీలిరంగు గంటలాంటి కిక్యో పువ్వునే అయి ఉంటుందని పండితుల్లో చాలామంది అభిప్రాయం. సుసుకి మన రెల్లుకు దగ్గరి చుట్టం. దసరా రోజుల్లో గోదావరి లంకల్లో రెల్లు పూస్తే గాలికి కదిలే తెల్లని అలలు అక్కడ కొండవాలుల మీద కనిపిస్తాయి. ఇన్ని శతాబ్దాలు గడిచినా శరత్తులోని ఏడు మొక్కలంటే జపాన్‌లో ఇవే.

ఈ ఏడింటినీ కలిపే సంగతి ఒకటుంది. నా మటుకు ఈ చరిత్రంతా అక్కడే మొదలవుతుంది. ఇవేవీ చీకటి అడవిలో బతికేవి కావు, ఎండ తగిలే నేల కావాలి. వానలు దండిగా పడే జపాన్‌లో నేలను దాని మానాన వదిలేస్తే చాలాచోట్ల ముందు పొదలు, ఆ వెనక అడవి కమ్ముకుంటాయి. గడ్డినేల గడ్డినేలగా మిగలాలంటే ఏటా ఎవరో కోయాలి, మేపాలి, లేదంటే తగలబెట్టాలి. రైతులు ఆ పని చేస్తూ వచ్చారు. సుసుకితో ఇళ్లు కప్పుకున్నారు. గడ్డిని ఎద్దులకూ గుర్రాలకూ వేశారు, మడుల్లో తొక్కి ఎరువు చేశారు. కొడవలి పడ్డ మోటు నుంచే హగి కొత్త కొమ్మలు వేసి మళ్లీ పూసింది. కవి చూసిన అందం వెనక ఒక కోత ఉంది.

794లో రాజధాని క్యోటోకు మారాక ఆ పూలు పొలం నుంచి పెరట్లోకి వచ్చాయి. ఆస్థానం వాళ్లు పడమటనున్న సగానో మైదానానికి వెళ్లి, మొక్కలను వేళ్లతో సహా తవ్వించి తెచ్చి భవనాల ముందు నాటించేవారు. ఆ కాలపు నవల 'గెంజి కథ'లో శరత్తును ప్రేమించే రాణి అకికొనొముకు ఆ రుతువు పేర ఒక తోటే ఉంది. చేమంతికి వైభవం వచ్చింది కూడా ఈ కాలంలోనే. చైనా నుంచి వచ్చిన ఆ పువ్వు మన్‌యోషూ పద్యాల్లో లేదు. 9వ నెల 9వ రోజు పండుగకు ముందు రాత్రి చేమంతుల మీద దూది కప్పి ఉంచి, మంచుకు తడిసిన ఆ దూదితో తెల్లవారి ఒళ్లు తుడుచుకుంటే ముదిమి దూరమవుతుందని నమ్మేవారు. 1008లో తనకు అలాంటి దూది కానుకగా వచ్చిన ముచ్చటను ఆ నవల రాసిన మురసాకి షికిబు తన డైరీలో రాసుకుంది. అయితే చేమంతి తోటమాలి చేతి పువ్వు, దాని కథ వేరు.

ఎదో అని పిలిచిన నేటి టోక్యో మహానగరంగా పెరిగాక, పూల యాత్ర మామూలు జనానికీ అందింది. శరత్తు రాత్రుల్లో దొకన్‌యమా గుట్ట మీద చాపలు పరుచుకుని కీచురాళ్ల పాట వినేవారు. చిత్రకారుడు హిరోషిగె ఆ దృశ్యాన్ని బొమ్మకట్టాడు. 1804 ప్రాంతంలో సహారా కికూ అనే పాతవస్తువుల వ్యాపారి, సుమిదా నది అవతల ముకోజిమాలో ఒక తోట తెరిచాడు. మొదట చలికాలంలో పూసే 'ఉమె' చెట్లు 360 నాటాడు. తర్వాత కవిమిత్రుల తోడుతో మన్‌యోషూలోని మొక్కలను ఏరి తెచ్చి పెంచాడు. హ్యక్కాఎన్ అనే ఆ తోట రాజుల ఉద్యానంలా తీర్చిదిద్దినట్టు ఉండదు, పొలంలా ఉంటుంది. వెదురు చట్రం మీదికి హగిని పాకించిన సుమారు 30 మీటర్ల సొరంగం కింద నడిస్తే పూలు భుజాలకు తగులుతాయి. 1945 మార్చి బాంబుదాడిలో తోటంతా కాలిపోయింది. 1949లో మళ్లీ తెరుచుకుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ కవులు మెచ్చిన పూలు. ఇప్పుడు సెప్టెంబరు చివర జపాన్ పల్లెలకు జనాన్ని ఎక్కువగా రప్పిస్తున్న పువ్వును మాత్రం చాలాకాలం ఎవరూ చూడబోయింది లేదు. అది హిగాన్‌బనా. ఆకు ఒక్కటీ లేని కాడ నేలలోంచి లేచి, చివర నిప్పురవ్వలు చిమ్మినట్టు ఎర్రగా విచ్చుకుంటుంది. ఆకులు పువ్వు వాడాకే వస్తాయి. పగలూ రాత్రీ సమానమయ్యే వారం పేరు హిగాన్, అంటే అవతలి ఒడ్డు. ఆ వారంలోనే కుటుంబాలు పెద్దల సమాధుల దగ్గరికి వెళతాయి, ఆ వారంలోనే ఇది పూస్తుంది. దీన్ని చనిపోయినవాళ్ల పువ్వు అన్నారు, దయ్యం పువ్వు అన్నారు, ఇంటికి తెస్తే ఇల్లు కాలుతుందని పిల్లల్ని భయపెట్టారు. మరో పేరు మంజుషగె. అది మనకు పరాయి మాట కాదు, బౌద్ధ సూత్రాల్లో ఆకాశం నుంచి కురిసే 'మంజూషక' పుష్పమే చైనా మీదుగా వెళ్లి ఆ రూపం దాల్చింది.

చైనా నుంచే వచ్చిన ఈ మొక్క జపాన్‌లో గింజ కట్టదు, గడ్డల ద్వారానే పెరుగుతుంది. కాబట్టి అది వరసగా పూసిన చోటల్లా మనిషి నాటిందో, వరద మోసుకొచ్చిందో అయి ఉండాలి. గడ్డలో విషం ఉంది. పొలం గట్లలో బొరియలు తవ్వే జంతువులు రాకుండా, సమాధుల్ని తవ్వకుండా రైతులు దాన్ని నాటారు. కరువొచ్చినప్పుడు ఆ గడ్డల్నే తవ్వి, దంచి, నీళ్లు మార్చి మార్చి కడిగి, విషం పోగొట్టి పిండి చేసుకు తిన్నారు. ఆ ఎర్రటి గీతలు ఊరి కాపలా, ఊరి ఆఖరి గింజలగాదె. ఇది తెలిశాక ఆ పువ్వును కేవలం రంగుగా చూడలేకపోతున్నాను.

ఆ పువ్వు మీది భయం 20వ శతాబ్దంలో మెల్లగా కరిగింది. నీమి నాంకిచి రాయగా 1932లో అచ్చయిన 'గోన్ గిత్సునె' కథలో, అంత్యక్రియల ఊరేగింపు దారిలో ఈ పూలే ఉంటాయి. జపాన్ పిల్లలు ఆ కథను నాలుగో తరగతిలో చదువుతారు. ఆయన సొంతూరు హందాలో 1990 నుంచి యకాచి నది గట్ల మీద ఊరివాళ్లు గడ్డలు నాటుతూ వచ్చారు. ఇప్పుడు అక్కడ 30 లక్షలకు పైగా పూస్తాయి. ఇంకా పేరున్నది టోక్యోకు వాయవ్యంగా, సైతామాలోని కించకుదా. కొమా నది చేతిసంచీలా మెలిక తిరిగిన చోటు అది. 716లో కొగుర్యో రాజ్యపు కొరియా శరణార్థుల్ని 1,799 మందిని చేర్చి స్థిరపరిచిన కొమా సీమ అదే. 1970ల మొదట్లో ఊరి పాలకులు ఆ నేలను తీసుకుని తుప్పలు కొట్టిస్తే, కింద దాగిన పూలు ఎర్రగా బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడ 50 లక్షలు అంటారు. అక్కడా పువ్వును చూపించింది కొడవలే.

కాస్మాస్‌ది మరో దారి. మన బంతిలాగే మెక్సికో మొక్క. విత్తనాలను టోక్యోలో శిల్పం నేర్పడానికి వచ్చిన ఇటలీ శిల్పి విన్‌చెంజో రగూజా 1879లో తెచ్చాడని చెబుతారు. దానికి శరత్కాలపు చెర్రీ అని పేరు పెట్టుకుని సొంతం చేసుకున్నారు. అయితే ఎకరాలకెకరాలు కాస్మాస్ కనిపించడానికి కారణం కవిత్వం కాదు, అన్నం. 1962లో మనిషికి ఏటా 118 కిలోలున్న బియ్యం వాడకం తర్వాత పడిపోతూ వచ్చింది, ఇప్పుడు సగానికన్నా తక్కువ. బియ్యం మిగిలిపోవడంతో 1970 నుంచి ప్రభుత్వం వరి సాగు తగ్గించమంది, తగ్గించినందుకు డబ్బిచ్చింది. ఆ విధానం 2018 దాకా సాగింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది నిరసనగా. జపాన్‌లో పంట విరామం సర్కారు లెక్కల్లోనే ఉంది. ఖాళీ మడి తుప్పలు పట్టకుండా రైతులు కాస్మాస్ చల్లారు. నగరం నుంచి జనం వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఆ గులాబీ రంగు చూసినప్పుడు, అక్కడ పండని వరి కూడా గుర్తుకు రావాలనిపిస్తుంది.

నగానో జిల్లా మినొవాలో ఎర్రగా పూసే సోబా (బక్‌వీట్) చేను ఉంది. హిమాలయ ప్రాంతం నుంచి తెచ్చిన విత్తనంతో అభివృద్ధి చేసిన రకం అది. పూత చూశాక గింజ తిండికి పనికొస్తుంది కాబట్టి, ఈ కొత్త పొలాల్లో నాకు నచ్చింది అదే.

ఒకురా పూలు మాత్రం తగ్గిపోతున్నాయి. పెంకులూ రేకులూ వచ్చాక కప్పుగడ్డి అక్కర్లేదు, ట్రాక్టరు వచ్చాక మేత అక్కర్లేదు, సంచుల్లో ఎరువు వచ్చాక పచ్చిరొట్ట అక్కర్లేదు. వందేళ్ల కిందట దేశంలో పదో వంతుకు పైగా ఉండేవని అంచనా వేసిన గడ్డినేలలు ఇప్పుడు ఒక శాతం దగ్గరికి వచ్చాయి. కిక్యో, ఫుజిబకామా రెండూ జపాన్ ప్రభుత్వపు రెడ్ లిస్టులో ఉన్నాయి. నారా జిల్లా సోని పీఠభూమిలో, హకొనెలోని సెంగొకుహరాలో వసంతం మొదట్లో మనుషులు నిప్పుపెట్టి కొండను కాలుస్తున్నారు కాబట్టే అక్టోబరులో సుసుకి వెండిలా మెరుస్తోంది.

నారాలోనే అసుకా దగ్గర ఇనబుచి అనే ఊళ్లో మెట్ల మడులున్నాయి. ఊరి ముసలివాళ్ల చేతులు చాలక, 1990ల నుంచి నగరవాసులకు మడులు అప్పగిస్తున్నారు. వాళ్లు రుసుము కట్టి, సెలవు రోజుల్లో వచ్చి నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు. సెప్టెంబరు మొదట్లో గట్ల మీద గడ్డి కోయాలి. ఆలస్యమైతే మొగ్గలు తెగుతాయి, కోయకపోతే పూలు గడ్డిలో మునిగిపోతాయి. నున్నగా కోసిన ఆ గట్ల మీద రెండు మూడు వారాలకు, పండుతున్న వరి పక్కన, ఆకుల్లేని కాడలు బారులు తీరి లేస్తాయి.