1902 నుంచీ అరుస్తున్న డిస్క్ బ్రేక్

బ్రేక్ వేస్తే చాలు కీచుమని అరిచి, రోడ్డు మీద అందరూ మనవైపు తిరిగి చూసేలా చేసే సైకిల్ మీకూ ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే.

బీటెక్ అయ్యాక అమీర్‌పేట్ హాస్టల్లో ఉంటూ మైత్రీవనం దగ్గర జావా నేర్చుకునేవాణ్ణి. అప్పుడే సెకండ్ హ్యాండ్‌లో ఒక మౌంటెన్ బైక్ కొన్నా. డిస్క్ బ్రేకులు ఒకటే అరుపు. షాపులో చూపిస్తే అతను డిస్క్ మీద స్ప్రే ఆయిల్ కొట్టి, "ఇంక రాదన్నా" అన్నాడు. నిజమే, అరుపు పోయింది. ఆ సాయంత్రం బంజారాహిల్స్ వైపు నుంచి పంజాగుట్టకి దిగుతున్నా. పేరులోనే గుట్ట ఉంది కదా, పల్లం బాగానే ఉంటుంది. సిగ్నల్ పడింది. రెండు లివర్లూ గట్టిగా నొక్కా. శబ్దం లేదు, సైకిలూ ఆగలేదు. చెప్పులు రోడ్డుకి రాసుకుంటూ, ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగా.

మా జావా సార్ అనేవారు: ఎక్సెప్షన్‌ని పట్టుకుని క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రామ్ బాగుపడినట్టు కాదు అని. నా సైకిల్‌కి జరిగింది అదే.

ఈ అరుపు కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో కారుకి డిస్క్ బ్రేక్ పేటెంట్ తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పల్చటి రేకు, దాన్ని నొక్కే ప్యాడ్లు. ఆయన ప్యాడ్లు రాగివి. లోహం మీద లోహం కాబట్టి చెవులు చిల్లులు పడేలా అరిచేవి, దుమ్ము రోడ్ల మీద త్వరగా అరిగిపోయేవి. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఇంకో ఇంగ్లీషాయన ప్యాడ్లకి ఆస్బెస్టాస్ పొర వేశాడు. అరుపు తగ్గింది, మన్నిక పెరిగింది. గమనించండి, ఆయన నూనె రాయలేదు. రాసుకునే పదార్థాన్నే మార్చాడు. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రాణాంతకమని తేలాక తర్వాతి కాలంలో దాన్నీ పక్కన పెట్టారు.

1953లో లె మాన్ రేసు గెలిచిన జాగ్వార్ సి-టైప్‌కి ఉన్నవి డిస్క్ బ్రేకులే. 1969లో హోండా సీబీ750 బైక్ ముందు చక్రానికి, 1990లలో మౌంటెన్ బైకులకీ వచ్చాయి.

అసలు అరుపెందుకు? ప్యాడ్ డిస్క్‌ని సమంగా పట్టకుండా, పట్టి వదిలి పట్టి వదిలి వణికితే, డిస్క్ గంటలా మోగుతుంది. జిడ్డు, మురికి, వదులైన బోల్టు, ఏదైనా కారణం కావచ్చు.

ముందు శబ్దం ఎప్పుడొస్తుందో వినండి. బ్రేక్ వెయ్యకుండానే సర్రుసర్రుమని రాసుకుంటుంటే కాలిపర్ పక్కకి జరిగి ఉంటుంది. దాని రెండు బోల్టులూ కాస్త వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని మళ్ళీ బిగించండి. చక్రం తిరిగేటప్పుడు ఒకే చోట తగులుతుంటే డిస్క్ వంగిందన్నమాట, మెకానిక్‌కి చూపించండి.

బ్రేక్ వేసినప్పుడే కీచుమంటే, బోల్టులన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, డిస్క్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డతో తుడవండి. ప్యాడ్లు తీసి పైపొరని సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. ప్యాడ్లు బయట ఉండగా లివర్ నొక్కకండి. నూనె పీల్చేసుకున్న ప్యాడ్లయితే పారేసి కొత్తవి వేయడమే. నేనూ అదే చేశా.

కొత్త ప్యాడ్లని డిస్క్‌కి అలవాటు చెయ్యాలి. ఆదివారం తెల్లారకముందే ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు స్పీడ్ అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ఓ ఇరవై సార్లు.

చైన్‌కి ఆయిల్ వేసేటప్పుడు డిస్క్‌కి గుడ్డ అడ్డం పెట్టండి, డిస్క్‌ని వేళ్ళతో ముట్టుకోకండి. వానలో వచ్చే అరుపుకి మాత్రం కంగారు పడకండి, తడి ఆరితే పోతుంది. రెజిన్ ప్యాడ్లు తక్కువ అరుస్తాయి, త్వరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్లు మన్నుతాయి, కాస్త ఎక్కువ అరుస్తాయి. లాంచెస్టర్ రాగికీ, ఫ్రూడ్ పొరకీ మధ్య పేచీ ఇంకా తెగలేదు చూడండి!

మీ బ్రేక్ అరిస్తే, నోరు మూయించే ముందు ఎందుకు అరుస్తోందో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.