మేనమామ, మేనల్లుడు, నడుమ పద్యం

తెలుగు నాటక చరిత్రను మనము సాధారణంగా నిచ్చెన వలె చదువుకుంటాము. అడుగున వీధి భాగవతం, పైమెట్టున పద్యనాటకం, ఆ పైన సాంఘిక వచన నాటకం. విద్యార్థి దశలో నేనూ అలాగే వల్లించాను. సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూచుకున్ననాడు ఆ నిచ్చెన నిలువలేదు.

వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థుల చేత ఆడించినది 1880లో. అది వాడుకమాటల నాటకం. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారి వేదిక నెక్కినది 1892లో. అనగా వచనం ఆలస్యంగా వచ్చిన అతిథి కాదు, మొదటి నుంచీ ఇంట్లోనే ఉన్నది. 1909లో గురజాడ తిరగరాసిన ప్రతిలో పద్యం లేకపోలేదు. వెంకటేశం చేత అప్పగింపజేసే పద్యమది, కుర్రవాడి చదువుకు సాక్ష్యంగా చూపే సరుకు! రంగస్థల పద్యం మీద ఇంతకన్న కొంటె వ్యాఖ్య నాకు తారసపడలేదు.

అయినా తరువాత దశాబ్దాల తరబడి ప్రేక్షకుణ్ణి ఏలినది పద్యమే. దానికి బళ్ళారి పుట్టిల్లు వంటిది. అక్కడ సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పద్యాలకు, పాటలకు పెద్దపీట వేశారు. సంస్కృత సంప్రదాయాన్ని కాదని ‘విషాద సారంగధర’ వంటి విషాదాంతాన్ని రాసిన సాహసి కూడా ఆయనే. విచిత్రమేమిటంటే, రాగాలాపన నటనను మింగివేస్తున్నదని గట్టిగా వాదించిన బళ్ళారి రాఘవ ఆయనకు స్వయానా మేనల్లుడు. పాత్ర మనసు ముందు, గొంతు తరువాత అన్నది రాఘవ పక్షం. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టినదీ ఆయనే. 1946లో రాఘవ కన్నుమూసేనాటికి ప్రజానాట్యమండలి వచన నాటకాన్ని పల్లెల్లోకి తీసుకుపోతున్నది. అయినా పద్యం దిగిపోలేదు.

సిద్ధాంతరీత్యా నేను మేనల్లుడి పక్షం. రాయబారంలో కృష్ణుడు సంధి మాటలాడుతున్నాడా, కచేరీ చేస్తున్నాడా అని విసుగు కలిగిన రాత్రులున్నాయి. ‘వన్స్‌మోర్’ అనగానే చెప్పిన మాటే మళ్ళీ చెప్పే రాయబారి లోకంలో ఎక్కడుంటాడు? కాంట్రాక్టు నాటకాలలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పాత్రను పంచుకోవడం మరీ విడ్డూరం.

కాని మా తాతగారి దగ్గర నా సిద్ధాంతం తడబడుతుంది. ఆయనకు అక్షరాలు రావు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు మాత్రం నాగలి పట్టుకుని వరసగా పాడేవారు. ఏ బడీ ఇవ్వని ఆ సాహిత్యాన్ని ఆయనకిచ్చినది హార్మోనియం పక్కన నిలబడి గొంతెత్తిన నటుడే. పీసపాటి, షణ్ముఖి వంటి కృష్ణపాత్రధారుల కోసం జనం బళ్ళు కట్టుకుని పోయేవారంటే రాగం కోసమే అనుకునేవాణ్ణి.

చిన్నప్పుడు ఒకసారి పొరుగూరి జాతరలో ఇద్దరు కృష్ణుల నాటకం చూచి తెల్లవారుజామున పొలంగట్టు వెంట నడిచి వస్తున్నాము. ఎవరు బాగా చేశారని తాతగారిని అడిగాను. ఆయన కొంతదూరం మాటాడలేదు.

“రెండోవోడు రాగం బాగానే లాగాడ్రా. కానీ మాట మాత్రం మొదటోడిదే తెలిసింది” అన్నారు.